ప్లాట్‌ఫారం టికెట్

నలభై పోట్లు కొడుత, లేస్త.
మగ్గం గుంతల నుంచి పైకొచ్చి
వనమాలను ఎడమ పక్కకు తిప్పుత,
వీపుకు పౌడరు, నోటికి రెండు చెంచాల జావ,
మళ్ళ గుంతల దిగుత.
నాలుగేండ్ల సంది కొత్తవాడల మా ఇంటి గడియారం ఇదే.

కుడి చెయ్యి, కుడి కాలు, నోరు
ఒక్క పొద్దుగాలనే పోయినయి ఆమెకు.
ఎంజీఎంల పన్నెండు దినాలుండి ఇంటికొస్తే
మాటలల్ల మూడే మిగిలినయి.
అవు. నీళ్ళు. పో.

చుట్టాలొచ్చిండ్రు. బత్తాయిలు తెచ్చిండ్రు.
"భిక్షపతీ, నువ్వు దేవునివిరా" అన్నరు.
దేవుడని పేరు పెట్టినంక
చెయ్యి సాయం పట్టే పని ఉండదు గద,
బస్సు టైం చూసుకొని లేసిండ్రు.

ఎవరికీ చెప్పనిది ఒకటున్నది.
వానకాలం రాత్రి, మూడోసారి పక్క తడిసింది.
బట్ట మారుస్తుంటే ఆమె "పో" అన్నది.
మణికట్టు పట్టుకున్న.
పట్టుకోలే. పిసికిన.
తెల్లారి చూస్తే నాలుగు వేళ్ళ గుర్తులు,
అప్పుడే రంగు కుండల ముంచి తీసిన
నీలి నూలు లెక్క.

పక్కింటి గౌసియా చూసింది.
ఏమనలే. తునికాకు చాట అరుగు మీద దించి
"బేస్తారం మూడింటికి వస్త,
ఐదింటి దాంక ఈడనే బీడీలు చుట్టుకుంట.
నువ్వు మాత్రం ఇంట్ల ఉండొద్దు" అన్నది.
"ఎటు పోవాలె?"
"గదీ నేనే చెప్పాల్నా?"

మొదటి బేస్తారం పోచమ్మ మైదాన్ దాంక పోయి
మందుల దుకాణం ముంగట నిలబడ్డ.
నా కాళ్ళకు వేరే తొవ్వ తెల్వది.
రెండో బేస్తారం స్టేషన్‌కు పోయిన.
పది రూపాయలకు చీటీ ఇచ్చిండు.
రెండు గంటలే చెల్లుతదని దాని మీదనే ఉన్నది.
ఎప్పటి నుంచి, ఎప్పటి దాంక,
ఇంత సక్కగ నాకు ఎవ్వరూ రాసియ్యలే.

బల్ల మీద కూసున్న.
బల్లార్షా దిక్కు బండొచ్చింది, పోయింది.
జనం ఉరికిండ్రు. నేను ఉరకలే.
ఒక పోరడు జామకాయ కోసి ఉప్పు కారం రాసిచ్చిండు,
పండ్లు జిల్లుమన్నయి.
నాకూ నోరున్నదని యాదికొచ్చింది.
ఏడుపొస్తదనుకున్న. నిద్రొచ్చింది.
బొగ్గు బండి పెట్టెలు ముప్పై ఆరు దాంక
లెక్కపెట్టినట్టు గుర్తు.

మా నాయిన రాత్రి మగ్గం దిగంగ
పడుగు వదులు చేసి పండెటోడు.
"బిగ్గర ఉంచితె తెల్లారేసరికి తెగుతది బిడ్డా,
పోగుకు కోపమొచ్చి కాదు."
ఇన్నేండ్లు ఆ ముచ్చట
నూలు గురించే అనుకున్న.

అన్నీ సక్కబడ్డయని కాదు.
మొన్న చెంచా విసిరిన. గోడకే, ఆమెకు కాదు.
గౌసియాకు జరమొచ్చి రెండు వారాలు రాకుంటె
నా గొంతు నాకే మొండి కత్తెర చప్పుడు లెక్క వినవడ్డది.
అప్పుడు పోయి సారంగం కొడుకును అడిగిన.
అడుగుడు ఇంత కష్టమా,
నాలుక మీద రాయి పెట్టుకొని అడిగినట్టయింది.
పోరడు ఆదివారం ఒక గంట కూసుంటడు,
ఫోన్ల క్రికెట్ చూసుకుంట.
వికెట్ పడితె వనమాల కూడ "అవు" అంటదట.
నాకు తెల్వనే తెల్వదు
ఆమెకు క్రికెట్ ఇష్టమని.

టికెట్లన్నీ ఆమె దిండు కింద దాసుకుంటది.
ఎడమ చేత్తోని ఒక్కొక్కటి తీసి
వెలుగుకు పట్టి చూసి మళ్ళ పెడుతది.
బుధారం రాత్రి, లైటు బంద్ చేసే ముంగట,
అదే దిండు కింది నుంచి
నాలుగు మడతల పది రూపాయల నోటు తీసి
నా అరచేతుల పెట్టి, వేళ్ళు మూసి
"పో," అంటది.

"అవు," అంట నేను.